లోభి చెప్పే లెక్క



పిసినారిని గురించి చెప్పవలసి వస్తే మనందరికీ రెండు మాటలు నాలుక చివరనే ఉంటాయి. పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అన్నది ఒకటి. ఎంగిలి చేత్తో కాకిని తోలడు అన్నది రెండోది. ఆ రెండో మాట అన్న తల్లి ఎవరోగాని, ఎంత పరిశీలన ఉందో చూడండి! చెయ్యి విదిలిస్తే నాలుగు మెతుకులు రాలుతాయేమో, వాటిని కాకి తింటుందేమో అని ఆయనకు భయం. ఇంత సన్నంగా లెక్క చూసుకునే మనిషిని తలుచుకుంటే నవ్వు రాకుండా ఉంటుందా? అందుకే మన కథల్లో, నాటకాల్లో పిసినారి నవ్వులపాలు కావడానికే పుట్టినట్టు కనిపిస్తాడు. గురజాడవారు ‘కన్యాశుల్కం’లో ముసలాయనకు పేరే లుబ్ధావధాన్లు అని పెట్టారు. రూపాయి ఖర్చంటే ప్రాణం విలవిలలాడే ఆ పెద్దమనిషి, పసిపిల్ల సుబ్బిని పద్దెనిమిది వందలకు పెళ్లాడడానికి మాత్రం సిద్ధపడ్డాడు. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడింది. అప్పటినుంచి జనం ఆయన్ను చూసి నవ్వుతూనే ఉన్నారు. నవ్వవలసిందే.

అయితే పిసినారి తన ఒంటికీ, తన ఇంటికీ పెట్టుకునే కష్టాల జోలికి నేనిప్పుడు పోవడం లేదు. కడుపు కాలినవాళ్లు గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆయన ఏమంటాడు? అదే చూద్దాం. మీరు గమనించారో లేదో, తెలివైన లోభి ఊరికే ‘లేదు, పో’ అనడు. ఒక కారణం చెబుతాడు. వినేవాళ్లకు సబబుగానే తోచే కారణం. గొప్ప రచయితలు పట్టుకున్నది ఆ కారణాన్నే.

చార్లెస్ డికెన్స్ అనే ఇంగ్లీషు రచయిత 1843 డిసెంబరులో ‘ఎ క్రిస్మస్ కరోల్’ అనే చిన్న పుస్తకం వేశాడు. అందులో స్క్రూజ్ అనే వ్యాపారి ఉంటాడు. లండనులో మంచు కురుస్తున్న పండుగ ముందు రోజు. ఆయన కొట్లో గుమాస్తా బాబ్ క్రాచిట్ ఒక్క బొగ్గు ముక్క ముందు కూర్చుని వణుకుతూ ఉత్తరాలు రాస్తుంటాడు. బొగ్గుల తొట్టి యజమాని గదిలో ఉంది మరి, అడగడానికి పోతే ఉద్యోగం ఊడుతుంది. అలాంటి సమయంలో ఇద్దరు పెద్దమనుషులు చందా పుస్తకాలు పట్టుకుని వచ్చారు. పండుగ పూట పేదవాళ్లకు తిండి, చలి కాచుకోవడానికి ఇంత ఆసరా ఏర్పాటు చేద్దామని.

స్క్రూజ్ వాళ్లను కసరలేదు. ప్రశ్నలు వేశాడు. జైళ్లు మూతపడ్డాయా అని అడిగాడు. లేదన్నారు. పేదలను పెట్టే వర్క్‌హౌసులు నడుస్తున్నాయా అని అడిగాడు. నడుస్తున్నాయి, నడవకపోతే బాగుండునని వాళ్లు వాపోయారు. హమ్మయ్య, వాటికేమైనా అయిందేమోనని బెంగపడ్డాను అన్నట్టు మాట్లాడాడు స్క్రూజ్. ఆ సంస్థలకు నా పన్నులోంచి డబ్బు పోతూనే ఉంది, గతిలేనివాళ్లు అక్కడికే పోవాలి, నన్ను వదలండి అన్నాడు. అక్కడికి పోవడంకంటే చావే నయమనుకునేవాళ్లు చాలామంది ఉన్నారండీ అంటే, చస్తే చావనివ్వండి, దేశంలో అక్కరకు మించి పెరిగిన జనమన్నా తగ్గుతారు అన్నాడు.

ఈ మాటలు డికెన్స్ గాలిలోంచి తీసి రాయలేదు. జనాభా తిండికి మించి పెరిగిపోతుందని మాల్తస్ 1798లో పుస్తకం రాశాడు. 1834లో ఆ దేశంలో పేదల చట్టాన్ని మార్చారు. సాయం కావాలంటే వర్క్‌హౌసులో చేరాలన్నారు. అక్కడి బతుకు బయట అందరికంటే తక్కువ కూలివాడి బతుకుకన్నా హీనంగా ఉండాలని నియమం, లేకపోతే జనం పని మానేసి వచ్చి కూర్చుంటారని భయం. లోపలికి పోగానే మొగుణ్ణి ఒక వైపు, పెళ్లాన్ని ఒక వైపు, పిల్లల్ని ఇంకో వైపు ఉంచేవారు. తల్లి ఒడిలోంచి పిల్లను తీసి వేరే గదిలో పెట్టడం పేరు దానం! స్క్రూజ్ అన్నది అప్పటి చదువుకున్నవాళ్లు, చట్టాలు చేసేవాళ్లు మర్యాదగా అంటున్న మాటే. డికెన్స్‌కు ఇదంతా పుస్తకాల్లో తెలిసింది కాదు. ఆయనకు పన్నెండేళ్లప్పుడు, 1824లో, తండ్రిని అప్పు కింద జైల్లో పెడితే, తాను బూట్ల పాలిషు తయారుచేసేచోట పనికి కుదిరాడు.

నేను పన్ను కడుతున్నాను, ఇంక నన్నడగొద్దు అన్నది లోభి చెప్పే మొదటి లెక్క. ఇది లండను మాట అనుకోకండి. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టిన తర్వాత మన చేలగట్ల మీద, వాకిళ్లలో ఎన్నిసార్లు విన్నాం! “ఏంది వదినె, నాట్లకు ఒక్క మనిషి దొర్కుతలేదు. రేషన్ బియ్యం ఇయ్యబట్టె, ఇగ పనికెందుకొస్తరు?” అని. 2006లో ఉపాధి హామీ పథకం మొదటి విడతలోనే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు వచ్చినప్పుడు ఇదే మాట ఇంకాస్త గట్టిగా వినపడింది. అన్నవాళ్లు చెడ్డవాళ్లని కాదు. అన్నం పెట్టే తల్లులే. కాని ఆ మాటను ఒకసారి విప్పి చూడండి. కూలి మనిషి పొద్దున్నే మన వాకిట్లోకి రావాలంటే ఆమె ఇంట్లో గింజలు ఉండకూడదన్నమాట. ఆమె పొయ్యి మీద గటక ఉడుకుతుంటే మనకు ఇబ్బంది అన్నమాట. అలా విప్పి చెబితే ఎవరూ ఒప్పుకోరు. స్క్రూజ్ కూడా ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. పొదుపును పిసినారితనమని పొరబడకూడదు. అగ్గిపుల్ల లెక్క చూసుకునే ఇల్లాలు లోభి కాదు. బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసే అలవాటు మన పాత ఇళ్లలో ఉండేది. ఆ పిడికెళ్లతోనే బడికో గుడికో బీద పిల్లవాడి చదువుకో సాయపడేవారు. లెక్క చూసుకుంది కాబట్టే ఆ తల్లి పెట్టగలిగింది.

రెండో లెక్క ఇంకా సొగసైనది. దాన్ని చెప్పినవాడు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్. 1668లో ఆడిన ఆయన ‘లోభి’ నాటకంలో అర్పగాన్ అనే ముసలాయన వడ్డీ వ్యాపారం చేస్తుంటాడు. తరగరి వచ్చి, అప్పు కావలసిన కుర్రవాడొకడున్నాడంటాడు. అప్పుడు అర్పగాన్, సాటి మనిషికి చేతనైనంత ఉపకారం చేయడం మన ధర్మం కదా అంటాడు! ఎంతకిస్తున్నాడయ్యా ఉపకారం అంటే, నూటికి ఇరవై అయిదు వడ్డీకి. అదైనా పూర్తిగా డబ్బు ఇవ్వడు. పదిహేను వేలలో మూడు వేలకు బదులు పాత మంచం, చిరిగిన తెరలు, గడ్డి కూరిన బల్లి తోలు అంటగడతాడు. తీరా చూస్తే అప్పు కోరిన కుర్రవాడు కన్నకొడుకే.

హాలంతా నవ్వుతుంది. కాని మన చెలక ప్రాంతాల్లో పెద్దవాళ్లకు ఈ దృశ్యం చెబితే ఎక్కువ నవ్వరు. వాళ్లకు వెంటనే ‘నాగు’ గుర్తుకొస్తుంది.

తెలియని చిన్నవాళ్ల కోసం చెబుతాను. మనవి వాన మీద ఆధారపడిన నేలలు. 1967లో నాగార్జునసాగర్ కట్టాక ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పచ్చగా చేసిందిగాని, దేవరకొండ, మునుగోడు మెట్టలు ఎంతోకాలం మొగులు చూస్తూనే ఉండిపోయాయి. పాలమూరు సంగతి చెప్పనే అక్కరలేదు. పుష్యమాసంలో ఇంటికొచ్చిన జొన్నలు ఆషాఢం నాటికి అడుగంటుతాయి. విత్తనానికీ గింజలుండవు, పిల్లల అంబలికీ ఉండవు. అప్పుడు గంప పట్టుకుని పోవలసింది ఆడమనిషే. గడి వాకిట్లోనో, సాహుకారి అరుగు ముందో నిలబడాలి. “నీ బాంచెన్ దొరసానీ, పిలగాండ్లు రెండొద్దులసంది పస్తున్నరు, రెండు కుంచాలు నాగిప్పియ్యుండ్రి” అని అడగాలి. దొరవారి పాతర తీస్తారు. జొన్నలు కొలుస్తారు. పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. చాలా ఊళ్లలో మామూలు రేటు అది.

ఇప్పుడు లెక్క మనమే వేద్దాం. ఆషాఢంలో రెండు కుంచాలు తెచ్చుకున్నామె పుష్యంలో మూడు కుంచాలు ఇవ్వాలి. మధ్య ఉన్నది ఆరు నెలలే. అంటే ఏడాదికి నూటికి నూరు! అర్పగాన్ ఇరవై అయిదు దగ్గరే ఆగిపోయాడు పాపం. పైగా ఇచ్చేటప్పుడు కుంచం మీద చెయ్యి అడ్డంగా రాసి గింజలు సమానం చేస్తారు, తీసుకునేటప్పుడు కుప్పగా పోయిస్తారు. ఆషాఢంలో జొన్నల ధర మండిపోతుంటుంది, పంట రోజుల్లో పడిపోతుంది కదా, సాహుకారికి ఒకటిన్నర న్యాయమే అని వాదించేవాళ్లూ ఉండేవారు. నిజమే, ధర మారుతుంది. కాని ఆ రెండు ధరల మధ్యా నలిగినామెకు గింజ చేతిలో ఆగింది ఎన్నడు? కళ్లంలోనే నాగు పోయేది, పన్ను పోయేది, మిగిలింది పండుగ దాకా కూడా వచ్చేది కాదు. మళ్లీ ఆషాఢంలో అదే గంప, అదే వాకిలి.

ఇంతకీ ఊళ్లో ఏమని చెప్పుకునేవారు? దొరవారి పాతర లేకపోతే ఊరంతా చచ్చిపోయేది, ధర్మాత్ములు అని. ఇక్కడే నాకు అర్పగాన్ జ్ఞాపకం వస్తాడు. స్క్రూజ్ మొరటువాడు, ఇవ్వను పొమ్మన్నాడు. ఈ రెండో రకం లోభి ఇస్తాడు. ఇచ్చి, పుణ్యమూ వడ్డీతో సహా రాబట్టుకుంటాడు. పాలమూరు కూలీలు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని దేశదేశాల డ్యాములకూ కాలువలకూ మట్టి మోయడానికి పోయిన కథ కూడా ఈ తోవదే. కష్టంలో ఇంటి ముందుకొచ్చి ఇంత డబ్బు చేతిలో పెట్టినవాడు దేవుడే. ఆ తర్వాత ఎన్ని నెలలు పనిచేస్తే ఆ దేవుడి బాకీ తీరుతుందో చెప్పే కాగితం మాత్రం ఆయన దగ్గరే ఉండేది.

మన ప్రాంతపు చరిత్రలో అడిగే గొంతు మారిన సమయం ఒకటుంది. 1940లలో పాలకుర్తి చాకలి ఐలమ్మ సంగతి మీకందరికీ తెలుసు. పాలకుర్తి అప్పట్లో నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోది. కౌలుకు తీసుకుని నాలుగెకరాలు సాగుచేసుకుంటే, విసునూరు దేశ్‌ముఖ్ ఆ భూమినీ పంటనూ తనదనిపించుకోవాలని చూశాడు. ఐలమ్మ గంప పట్టుకుని ఎవరి వాకిటా నిలబడలేదు. సంఘం వాళ్ల తోడుతో తన ధాన్యం తన ఇంటికి చేర్చుకుంది. ఆ పోరాటపు రోజుల్లోనే ఎన్నో ఊళ్లలో అప్పు పత్రాలు మంటల్లో వేశారు. ఐలమ్మ 1985లో చనిపోయేదాకా ఆ నేలమీదే ఉంది. ఆమెకు దానం చేశామని చెప్పుకునే అవకాశం ఏ దొరకూ దొరకలేదు.

దానం వేరు, వాటా వేరు అన్న ఎరుక మన పల్లెల్లో ముందునుంచీ ఉన్నదే. వరి కోత అయినంక, పల్లికాయ చేను పీకినంక, నేలలో మిగిలిన గింజలు ‘పరిగె’. అవి ఏరుకునే ఆడవాళ్లను వెళ్లగొట్టడం తప్పుగా చూసేవారు. చేను మాదే అయినా పరిగె మాది కాదని రైతు ఇల్లాలికి తెలుసు. పరిగె ఏరే చేతిని కూడా అదలించే ఆసామి ఉంటే, ఆయన్ను ఊరు లోభి అనేది. పురాణంలోనూ ఈ పరిగె ఉంది. ధర్మరాజు అశ్వమేధం చేసి ఎంత దానమిచ్చానో అని మురిసిపోతుంటే, సగం ఒళ్లు బంగారమైన ముంగిస వచ్చి వెక్కిరిస్తుంది కదూ. తిక్కనగారి ఆశ్వమేధిక పర్వంలోని కథ. కురుక్షేత్రంలో చేలల్లో రాలిన గింజలు ఏరుకుని బతికే సక్తుప్రస్థుడి ఇంటికి కరువులో అతిథి వస్తే, ఆయన తన పిండి పెట్టాడు, సరిపోలేదు. భార్య తన వంతు ఇచ్చింది. కొడుకు ఇచ్చాడు. చివరికి కోడలూ ఇచ్చింది. అతిథి తిన్నచోట రాలిన పిండి తగిలి ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగతా సగం ధర్మరాజు యాగశాలలో ఎంత పొర్లినా కాలేదు. నేను ఈ కథలో ఎప్పుడూ ఆగేది కోడలి దగ్గర. ఆ పిల్లను ఎవరూ అడగలేదు, పైగా మామగారు వద్దన్నాడు. తన వంతు తనది గనుక తాను పెట్టింది.

ఇంక పోచంపల్లి మాట. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉందిగాని, అప్పుడు నల్లగొండ జిల్లా. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం అయ్యాక వినోబా భావే కాలినడకన బయలుదేరి, 1951 ఏప్రిల్ 18న ఆ ఊరు చేరాడు. హరిజనవాడకు పోయి మీకేం కావాలని అడిగాడు. అన్నం, గుడ్డ, డబ్బు – ఇవేవీ వాళ్లు అడగలేదు. ఎనభై ఎకరాల భూమి ఉంటే మా కష్టం మేం చేసుకుంటాం అన్నారు. సర్కారును అడగడమా, ఎప్పటికి అయ్యేను అనుకుంటూ ఆయన ఊరివాళ్లవైపు తిరిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు.

అడిగింది ఎనభై, ఇచ్చింది నూరు. ఏ నవలలోనైనా ఇది రాస్తే అతిశయోక్తి అంటాం. ఆ నడకలో తెలంగాణలోనే సుమారు 12 వేల ఎకరాలు పోగైంది. ఆ తరువాత వినోబా ఊరూరా అడిగిన తీరు గమనించదగ్గది. మీకు అయిదుగురు కొడుకులుంటే నన్ను ఆరో కొడుకుగా లెక్కించి నా పాలు నాకివ్వండి అనేవాడు. దానమంటే సమంగా పంచుకోవడమని శంకరాచార్యులవారి అర్థాన్ని చెప్పేవాడు. కొడుకు పాలు అడుగుతుంటే లోభి ఏ కారణం చెప్పగలడు?

చెప్పాడులెండి. మాటతో కాదు, భూమితోనే. ఆ ఉద్యమంలో వచ్చిన నేలల్లో రాళ్లు, రప్పలు, తగాదాల్లో ఉన్నవి, నాగలి దిగనివి ఎన్నో ఉన్నాయని తరవాత తేలింది. పాత మంచం, గడ్డి కూరిన బల్లి తోలు అంటగట్టిన అర్పగాన్ ఇక్కడా ఉన్నాడు. అలాగని పోచంపల్లి నూరెకరాలను తక్కువ చేయడం నాకిష్టం లేదు. ఎవరూ బెదిరించకుండా ఒక మనిషి నిండు సభలో తన భూమి ఇస్తానన్నాడు. ఇచ్చినవాడి పేరు మనకు తెలుసు. ఎనభై ఎకరాలని సరిగ్గా లెక్కగట్టి చెప్పినవాళ్ల పేర్లు ఎందరికి తెలుసు? వాళ్ల బుద్ధిని కూడా మెచ్చుకోవద్దూ!

మళ్లీ స్క్రూజ్ దగ్గరికి వస్తాను, ఆయన కథ సగంలో వదిలేశాం. ఆ రాత్రి ముగ్గురు భూతాలు వచ్చి ఆయన్ను తిప్పి చూపిస్తాయి. గుమాస్తా ఇంట్లో పండుగ భోజనం చూస్తాడు. కుంటి పిల్లవాడు టైనీ టిమ్‌ను చూసి, వీడు బతుకుతాడా అని ఆదుర్దాగా అడుగుతాడు. అప్పుడు భూతం, చస్తే జనం తగ్గుతారు కదా అని ఆయన మాట ఆయనకే అప్పగిస్తుంది. తల దించుకుంటాడు. లెక్కలో ‘ఎక్కువ జనం’ అన్నప్పుడు వాళ్లకు మొహాలు లేవు, ఇక్కడ ఒక మొహం ఉంది. అదే ఇంట్లో బాబ్ తన యజమాని పేర శుభం పలుకుదామంటే, భార్య ఒప్పుకోదు. ఆ లోభి ఇక్కడుంటే నాలుగు కడిగేదాన్ని అంటుంది. చివరికి మొగుడి కోసం, పండుగ కోసం సరేనంటుంది. ఆ వారపు జీతం పదిహేను షిల్లింగుల్లో ఇల్లు గడిపేది ఆవిడ కదా, ఆవిడకు తెలుసు ఎవరి పిసినారితనం ఎవరి పొయ్యి మీద పడుతోందో. మరో చోట, స్క్రూజ్ చచ్చిపోయినట్టు కనబడ్డ భవిష్యత్తులో, ఊడ్చే మనిషి, బట్టలుతికే మనిషి కలిసి ఆయన మంచం తెరలు, దుప్పట్లు, కప్పిన చొక్కాతో సహా మూటగట్టి పాతసామాన్లవాడికి అమ్ముకుంటారు. చదివితే ఒళ్లు జలదరిస్తుంది, అయినా వాళ్లమీద కోపం రాదు.

తెల్లవారి స్క్రూజ్ మారిపోయాడని అందరికీ తెలుసు. పెద్ద టర్కీ కోడిని కొని క్రాచిట్ ఇంటికి పంపడం పిల్లల పుస్తకాల్లో బొమ్మ వేసి చూపిస్తారు. నాకు అంతకంటే నచ్చింది వీధిలో జరిగిన చిన్న సంగతి. చందా కోసం వచ్చిన పెద్దమనిషి ఎదురుపడితే స్క్రూజ్ చెవిలో ఒక అంకె చెబుతాడు. ఆయన ఆశ్చర్యపోతే, ఇందులో పాత బకాయిలు చాలా ఉన్నాయి అంటాడు. జీవితమంతా ఖాతాలు రాసిన మనిషి కదా, పేదవాళ్లకు ఇచ్చేదాన్ని దానం పద్దులో కాకుండా బాకీ పద్దులో రాసుకున్నాడు. మరునాడు గుమాస్తా పద్దెనిమిదిన్నర నిమిషాలు ఆలస్యంగా వస్తే కోపం నటించి, జీతం పెంచుతున్నానంటాడు. తర్వాత ఇంకో మాటంటాడు. నువ్వు ఇంకో అక్షరం రాసేలోపల పొయ్యి రాజెయ్యి, పోయి ఇంకో బొగ్గుల తొట్టి కొనుక్కురా అని.